బేసి బాబాయ్

బేసి బాబాయ్ అన్న పేరు ఆయనకు అన్నకూతురు పెట్టింది. బడిలో సరిసంఖ్యలూ బేసిసంఖ్యలూ నేర్చుకుంటున్న రోజుల్లో, ఒకనాడు ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ ఇద్దరిద్దరి చొప్పున వేలు పెట్టి లెక్కబెట్టుకుంటూ వచ్చి, గోడవార కుర్చీలో ఒక్కడే కూర్చున్న బాబాయ్ దగ్గర ఆగింది. "నువ్వు బేసి" అని తేల్చేసింది. ఆయన బేస్ గిటార్ వాయిస్తాడని అందరికీ తెలుసు కాబట్టి మాట రెండువిధాలా అతికి, ఇల్లంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ పిల్ల పెద్దదై ఉద్యోగంలో చేరినా పేరు మాత్రం ఆయనకు అంటుకునే ఉండిపోయింది.

ఆయన పని కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో. ముందుగదిలో కంటిడాక్టరు పరీక్ష చేసి చీటీ రాసిస్తే, వెనకగదిలో ఈయన అద్దాల్ని ఫ్రేము కొలతకు అరగదీసి బిగిస్తాడు. అరగదీసే యంత్రం మీద సన్నటి ధారగా నీళ్ళు పడుతుంటాయి. అద్దం పొడి ఆ నీళ్ళలో కలిసి పాలలా తెల్లగా కిందున్న గిన్నెలోకి దిగుతుంది. రెండు గదులకీ మధ్య పల్చటి చెక్క అడ్డం. దాని అవతలినుంచి డాక్టరు గొంతు రోజంతా ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటుంది.

"ఇది బాగుందా, ముందుదా?"

"రెండూ ఒకేలా ఉన్నాయండీ."

"సరిగ్గా చూసి చెప్పండి."

తను అద్దాలు బిగించిపెట్టిన మనుషుల మొహాలు బేసి బాబాయ్‌కి తెలియవు. వాళ్ళ రెండు కళ్ళ మధ్య దూరమెంతో మాత్రం తెలుసు. అది చీటీ మీద రాసి ఉంటుంది.

వయసులో ఉండగా ఆయన స్నేహితులతో కలిసి ఫంక్షన్లలో వాయించేవాడు. పాట ఒకడిది, కీబోర్డు ఒకడిది, గిటార్ ఒకడిది, డ్రమ్స్ ఒకడివి, బేస్ ఈయనది. బేస్ గిటార్‌కి నాలుగే తీగలు, లావుపాటివి. మామూలు గిటార్‌లాగా అది పాట మీద మెరవదు, పాట కిందనుంచి మోస్తుంది. జనం పాటగాణ్ణి చూస్తారు, గిటార్ వాయించేవాణ్ణి చూస్తారు, డ్రమ్ములవాణ్ణి చూడక తప్పదు. అప్పటి ఫొటోలన్నిటిలోనూ బేసి బాబాయ్ ఎవరో ఒకరి భుజం వెనక సగం మొహంతో ఉంటాడు.

ఒకసారి జ్వరం వచ్చి ప్రోగ్రాముకి వెళ్ళలేకపోయాడు. మర్నాడు కీబోర్డు స్నేహితుడు పలకరించడానికొచ్చాడు.

"ఎలా జరిగిందిరా?" అని అడిగాడు ఈయన, దుప్పట్లోంచే.

"అదిరిపోయింది! బేస్ అంతా ఎడంచేత్తో కీబోర్డు మీదే లాగించేశా. ఒక్కడికీ తెలియలేదు, ఒట్టు. నువ్వేం కంగారుపడకు."

స్నేహితుడు ఆ మాట ప్రేమగానే అన్నాడు, జ్వరంతో ఉన్నవాడి మనసు తేలికపరచాలని. కానీ ఆ తర్వాత పిలుపులు తగ్గుతూ వచ్చాయి. ఒక మనిషి తగ్గినా పని జరిగిపోతుందని అందరికీ అర్థమైపోయింది. గొడవంటూ ఏదీ జరగలేదు. జరిగి ఉంటే బాగుండేదనుకునేవాడు బేసి బాబాయ్. గొడవపడితే కలిసిపోవడానికైనా ఒక దారి ఉండేది.

పెళ్ళి సంబంధాలు కొన్ని వచ్చాయి, పోయాయి. ఎవరూ పట్టుబట్టలేదు, ఆయన అంతకన్నా పట్టుబట్టలేదు. అమ్మా ఆయనా ఒక చిన్న అద్దె ఇంట్లో ఉండేవారు. ఆయన గదిలో కూర్చుని లావుతీగ మీటితే వంటింట్లో అరమీది స్టీలు గిన్నెలు గలగలమనేవి. "చాల్లేరా, ఆ తీగ జోలికి పోకు, గిన్నెలన్నీ నా నెత్తిన పడతాయి" అని అక్కణ్ణుంచే కేకేసేది అమ్మ. అమ్మ పోయిన కొన్నాళ్ళకు ఒక ఆదివారం పూట ఆయన అదే తీగ మీటాడు. గిన్నెలు గలగలమన్నాయి. వంటింట్లోంచి ఏ మాటా రాలేదు. ఆయన గిటార్‌ని గోడకానించి చాలాకాలం ముట్టుకోలేదు.

అన్నవాళ్ళ ఇల్లు నాలుగు వీధుల అవతలే. అప్పుడప్పుడు భోజనానికి పిలుస్తారు, ఈయన వెళ్తాడు, తిని వస్తాడు. అన్నకూతురు మాత్రం వీలున్నప్పుడల్లా ఇటు తొంగిచూసి పోతుంది. ఒకరోజు గోడకున్న గిటార్ మీద వేలితో గీత గీసి, దుమ్ము చూపించింది.

"బాబాయ్, దీన్ని అమ్మెయ్యి. ఇంకోటి కొనుక్కో. పాత వాద్యాలు అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు అందరూ ఉండే గ్రూపొకటి ఉంది. నీ ఫోన్ ఇటివ్వు, చేర్చేస్తా."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ..." అంటూనే ఫోన్ ఇచ్చాడు.

గ్రూపులో మొదట కంటబడింది ఒక ట్యూషన్ మాస్టారు అమ్మకానికి పెట్టిన బేస్. ఆదివారం పొద్దున్న బేసి బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన పాత గిటార్‌ని కూడా సంచీలో భుజాన వేసుకుని వెళ్ళాడు. రెండింటినీ స్వరం పెద్దదిచేసే ఒకే యాంప్‌కి తగిలించి, ఒకే పాట వాయిస్తే తప్ప తేడా తెలియదని ఆయన నమ్మకం. మాస్టారి ముందుగదిలో నల్లబల్ల మీద సగం చెరిపిన లెక్కలున్నాయి. పిల్లల బెంచీ మీద కూర్చుని బేసి బాబాయ్ అమ్మకపు గిటార్‌ని చేతిలోకి తీసుకున్నాడు. ఒక కన్ను మూసి, దాని మెడ వెంట చివరిదాకా చూశాడు. తీగని మెడ మీది మొదటిమెట్టు దగ్గరా ఆఖరిమెట్టు దగ్గరా నొక్కి, మధ్యలో ఎంత సందుందో చూశాడు. ఒక్కొక్క మెట్టు మీదా స్వరం మోగించి, అది ఎంతసేపు నిలుస్తుందో తల పక్కకి వాల్చి విన్నాడు.

"ఏం వింటున్నారండీ?" అన్నాడు మాస్టారు, ఆసక్తిగా.

"ఇదుగో, ఇక్కడ చూడండి. పక్కమెట్లన్నీ మోగుతాయి, ఇక్కడ మాత్రం స్వరం పుట్టీ పుట్టకముందే చచ్చిపోతుంది. ప్రతి బేస్‌లోనూ ఎక్కడో ఒకచోట ఉంటుంది ఇది. ఎక్కడుందో చూసుకుని కొనుక్కోవాలి."

"అబ్బో! నేనిన్నాళ్ళూ నా వేలే సరిగ్గా పడటంలేదనుకున్నా."

మాస్టారి భార్య టీ తెచ్చింది. మాస్టారు ఇంకో ప్రశ్న అడిగాడు. దాని నుంచి మాట ఫంక్షన్ల రోజులకు మళ్ళింది. బేసి బాబాయ్ పాటగాడి జరీ కోటు గురించి చెప్పాడు, కరెంటు పోతే డ్రమ్ములొక్కటే మోగిన పెళ్ళి గురించి చెప్పాడు. వాళ్ళిద్దరూ నవ్వారు. గిటార్ మాత్రం కొనలేదు. తిరిగి వస్తూ బస్సులో టికెట్ అడగబోతే గొంతు బొంగురుగా వచ్చింది. ఏమిటా అనుకున్నాడు. ఒక్కపూటలో అంత మాట్లాడి ఎన్నాళ్ళయిందో మరి.

కిటికీ పక్కన కూర్చున్నాక ఇంకో సంగతి కూడా ఆయనకు తెలిసొచ్చింది. ఆ గిటార్‌లో లోపం నిజమే. కానీ లోపం లేకపోయినా తను ఏదో ఒకటి వెతికి ఉండేవాడు. కొనేస్తే అక్కడితో అయిపోతుంది. కొనకపోతే ఇంకో ఆదివారం ఇంకో ఇంటికి వెళ్ళొచ్చు.

అలా మొదలైంది. శనివారం చొక్కా ఇస్త్రీ చేసుకోవడం, ఆదివారం గిటార్ సంచీతో బయల్దేరడం. ఒకాయన డాబా మీది గదిలో చూపించాడు, కిందనుంచి ఆయన భార్య "ఇవాళైనా వదుల్తుందా ఆ పీడ?" అని అరుస్తూ ఉంది. ఒక కుర్రజంట ఇంట్లో పసిపిల్ల నిద్రపోతుంటే యాంప్ పెట్టడం కుదర్లేదు. బేసి బాబాయ్ గిటార్ అంచుని చెక్క బీరువాకి గట్టిగా ఆనించి వాయించాడు. బీరువా మొత్తం మెల్లగా మోగింది. ఆ జంట చెరోపక్కా బీరువా తలుపుకి చెవి పెట్టి విన్నారు. ఆ ఆదివారం ఆయన ఇంటికి నడిచే వచ్చాడు.

అసలు కొననే లేదని కాదు. మరీ పాడుబడ్డవి ఒకటీ అరా కొని, దుకాణంలో ఫ్రేములకు వాడే చిన్న స్క్రూడ్రైవర్లతో విప్పి, తుప్పు వదిలించి, అద్దాలకు మెరుపుపెట్టే పేస్టుతో మెట్లు రుద్ది, కొన్న ధరకే మరొకరికి ఇచ్చేసేవాడు. దాంతో కొనేవాళ్ళు ఈయన గదికి వచ్చేవారు. అదీ ఒక కాలక్షేపమే.

"ఏం బాబాయ్, ఈ వారం సంబంధం కూడా కుదర్లేదా? పిల్ల మెడ వంకరా?" అని ఆటపట్టించేది అన్నకూతురు.

"మెడ బానే ఉందమ్మా. గొంతు బాలేదు" అనేవాడాయన.

ఒకరోజు దుకాణంలో యంత్రం మీద అద్దం తిరుగుతుండగా ఫోన్ తీసి గ్రూపు చూశాడు. ఎవరో రాశారు: "బేస్ గిటార్లు అమ్మేవాళ్ళకి మనవి. ఒక కళ్ళజోళ్ళాయన ఫోన్ చేస్తాడు. వస్తాడు, గంటలకొద్దీ కూర్చుంటాడు, రెండు టీలు తాగుతాడు, మెడ బాలేదంటాడు, పోతాడు. జన్మలో కొనడు. జాగ్రత్త."

దాని కింద వరుసగా జవాబులు. "మా ఇంటికీ వచ్చాడు." "మా ఇంట్లో బిస్కెట్లు కూడా." నవ్వుతున్న బొమ్మలు. చివర ఎవరో "పాపం, వాయించడం మాత్రం బాగా వాయిస్తాడు" అన్నారు.

తల కొట్టేసినట్టయింది. బిస్కెట్ల మాటకంటే ఆ 'పాపం' ఎక్కువ గుచ్చుకుంది. మళ్ళీ పైనుంచి చదివాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఈలోగా యంత్రం మీది అద్దం కొలత దాటి అరిగిపోయింది.

"ఏమైందండీ ఇవాళ?" అన్నాడు దుకాణం యజమాని, చేతిలో చిన్నదైపోయిన అద్దాన్ని తిప్పి చూస్తూ.

"చెయ్యి జారిందండీ. కొత్తది చేసిస్తాను."

ఆ సాయంత్రమే గ్రూపులోంచి బయటికొచ్చేశాడు. శనివారం అలవాటుకొద్దీ చొక్కా ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించాడు. ఆదివారం అది అలాగే వేలాడింది. గది ఊడ్చాడు, తుడిచాడు, బూజు దులిపాడు. ఇంకా పొద్దు మిగిలే ఉంది. ఆ తర్వాతి ఆదివారాలు కూడా ఇలాగే గడిచాయి. అన్నకూతురు అడిగితే "ఈమధ్య మంచివి రావడంలేదమ్మా" అన్నాడు. ఆ పిల్ల గ్రూపులో ఉందో లేదో, చదివిందో లేదో ఆయనకు తెలియదు. ఆ పిల్ల మాత్రం సంబంధాల జోకు మళ్ళీ వెయ్యలేదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడమనిషి గొంతు, పెద్దావిడ.

"కళ్ళజోళ్ళాయనేనా?"

బేసి బాబాయ్‌కి గ్రూపులో రాసిన మాటలు గుర్తొచ్చాయి. "మీరెవరండీ?"

"నేను నర్సుని, రిటైరయ్యాను. నా దగ్గర రెండు బేస్ గిటార్లున్నాయి. మీ గురించి గ్రూపులో చదివి, అక్కడే ఒకరినడిగి నంబరు తీసుకున్నాను. గంటలకొద్దీ కూర్చుంటారట కదా?"

ఆయన అద్దాల యంత్రం ఆపేశాడు.

"అలాంటి మనిషే కావాలి నాకు. ఇప్పటిదాకా వచ్చినవాళ్ళందరూ ధర అడిగారు, రెండుసార్లు టింగు టింగుమనిపించారు, అంతే. మీరు ఆదివారం రండి."

"నేను... కొనకపోవచ్చండీ."

"తెలుసు. రాశారుగా."

ఆదివారం ఆయన వెళ్ళేసరికి నర్సమ్మ ఇల్లు సగం సర్దేసి ఉంది. అట్టపెట్టెలు గోడ వెంట పేర్చి, ఒక్కోదాని మీదా లోపలేముందో పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది, వార్డులో మందుల అరల మీద రాసినట్టు. కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోతోందట. అక్కడ ఇల్లు చిన్నది, రెండు గిటార్లకు చోటు లేదు. ఒకటే తీసుకెళ్ళాలి.

"టీ పెడతాను, కూర్చోండి" అంది.

"టీ వద్దండీ" అన్నాడు గబుక్కున.

ఆమె ఆయన మొహంలోకి చూసి నవ్వింది. "ఆ టీ గురించి రాసినవాడికి బుద్ధి లేదు. మనిషొస్తే టీ ఇవ్వరా? తాగండి."

ఆమె చేతుల బొటనవేళ్ళ కీళ్ళు ఉబ్బి పక్కకి తిరిగి ఉన్నాయి. కప్పుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని తెచ్చింది. ఆసుపత్రి సిబ్బందికి ఒక ఆర్కెస్ట్రా ఉండేదట, అందులో చాలా ఏళ్ళు బేస్ వాయించిందట.

"డాక్టర్లు పాడేవాళ్ళండీ. పాడటం రాని డాక్టర్లకే పాడాలని ఎక్కువ సరదా. వాళ్ళు శ్రుతి తప్పినప్పుడల్లా నేను లావుతీగ గట్టిగా కొట్టి దార్లోకి లాక్కొచ్చేదాన్ని. ఇప్పుడా చేతులతో చీపురు కూడా నిలబడటంలేదు. ఏది ఉంచుకోవాలో తేల్చుకోవాలంటే వినాలి కదా? వాయించేవాళ్ళేరీ?"

ఒకటి తేనెరంగుది, తేలిక. రెండోది నల్లది, భుజం లాగేసేంత బరువు. బేసి బాబాయ్ తన పాతదాన్ని కూడా సంచీలోంచి తీసి, మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి ఆమె యాంప్‌కి తగిలించి ఒకే పాట వాయించాడు. తేనెరంగుదానిలో స్వరం మాటలాగా స్పష్టంగా పలికింది. నల్లదానిలో ఆలస్యంగా లేచి, లేచాక చాలాసేపు గదిలోనే ఉండిపోయింది.

నర్సమ్మ కళ్ళు మూసుకుని విని, ముందు చెప్పిన మాట ఆ రెంటి గురించి కాదు.

"మూడింటిలోకీ మీదే నాసిరకం."

ఆయన ఒక్కక్షణం బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వాడు. నిజమే. ఆదివారం ఆదివారం ఊళ్ళోవాళ్ళ గిటార్లన్నిటికీ వంకలు పెట్టినవాడు సొంతదాన్ని ఏనాడూ ఒక్కమాట అనలేదు.

"ఇంకో సంగతి" అంది ఆమె. "మీరు వాయిస్తూ మధ్యమధ్యలో ఆగుతారు. ఎవరికో చోటిస్తున్నట్టు."

"అక్కడ పాటగాడు అందుకుంటాడండీ" అన్నాడు. అన్నాక, ఆ పాటగాడు పక్కన లేక ఎన్నేళ్ళయిందో గుర్తొచ్చి తల వంచుకున్నాడు.

"మళ్ళీ మొదట్నించి వాయించండి. నల్లదాంతో."

వాయించాడు. ఆయన ఆగిన చోట నర్సమ్మ కూనిరాగం అందుకుంది. మంచి గొంతేం కాదు, వయసుతో గరగరలాడుతోంది. కానీ శ్రుతి ఎక్కడా తప్పలేదు. ఆయన వేళ్ళు ఒకసారి తడబడి, మళ్ళీ దారిలో పడ్డాయి. పాట అయిపోయింది. వీధిలో ఎవరిదో బండి స్టార్టవక మొరాయిస్తోంది.

"ఇవాళ తేలేలా లేదండీ" అంది నర్సమ్మ చివరికి. "వచ్చే ఆదివారం ఇంకోసారి చూద్దాం."

వచ్చే ఆదివారం కూడా తేలలేదు. ఆ పైవారం తీగలు పాతబడ్డాయి, కొత్తవి వేసి వింటేగానీ తెలియదంది. ఆయన కొత్త తీగలు తెచ్చి వేశాడు. ఇంకోవారం వాన, యాంప్ గరగరలాడింది. తేడా మొదటిరోజే ఇద్దరికీ తెలిసిపోయిందని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. వారం వారం ఇంట్లో సామాను తగ్గుతూ, పెట్టెలు పెరుగుతూ వచ్చాయి. గది ఖాళీ అయ్యేకొద్దీ గిటార్ ఇంకా గట్టిగా మోగేది.

చివరికి ఒక ఆదివారం ఆమె తలుపు తీస్తూనే చెప్పేసింది. "అమ్మాయి వ్యాను మాట్లాడేసింది. నల్లది నేను తీసుకెళ్తా. తేనెరంగుది మీరు కొనండి. ఊరికే మాత్రం ఇవ్వను."

"మెడ బానే ఉందంటారా?" అన్నాడాయన.

"నోర్మూసుకుని కొనండి" అంది, నవ్వుతూ.

ఆ గిటార్ కొనాలంటే తన పాతదాన్ని అమ్మక తప్పలేదు. అన్నకూతురు గ్రూపులో పెట్టింది. కొనడానికి ఒక స్కూలువ్యాను డ్రైవరు వచ్చాడు, ఖాళీ వేళల్లో ఏదో బ్యాండులో వాయిస్తాడట. బేసి బాబాయ్ పొద్దున్నే గది సర్దాడు, పాలు తెచ్చిపెట్టాడు. డ్రైవరు వచ్చీ రాగానే గిటార్ తీసుకుని నిలబడే నాలుగు మెట్లు వాయించాడు.

"ఓకే అండీ, తీసుకుంటా."

"ఒక్కమాట. ఇక్కడ, ఈ మెట్టు మీద చూడండి, స్వరం నిలవదు. మెడ కూడా ఓ రవ్వ మెలితిరిగి ఉంది. కూర్చోండి, రెండు రకాల తీగలతో వినిపిస్తాను. మీకే తెలుస్తుంది."

"ఫర్లేదండీ. స్టేజీ మీద ఎవరికి వినబడుతుంది?"

"టీ అయినా తాగి వెళ్ళండి. పాలు కాగుతున్నాయి."

"అయ్యో, ఇంకోసారి తాగుతానండీ. బండి రోడ్డుకడ్డంగా పెట్టొచ్చాను."

డబ్బు చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయాడు. బేసి బాబాయ్ కిటికీలోంచి చూశాడు. డ్రైవరు గిటార్‌ని స్కూలు పిల్లల సీటు మీద పడుకోబెట్టి, జారిపోకుండా బెల్టు పెట్టాడు. అది చూసి ఆయనకు కాస్త ఊరట కలిగింది. పొంగిపోతున్న పాలు దించి, రెండు కప్పుల టీ ఒక్కడే తాగాడు.

నర్సమ్మ వెళ్ళేరోజు ఆయన దుకాణంలో పూట సెలవు పెట్టాడు. సామాను ఎక్కించే మనుషుల చేతికి నల్లదాన్ని ఇవ్వడం ఇష్టంలేక తనే భుజాన వేసుకుని కిందికి దింపాడు. కూతురు వ్యాను దగ్గర నిలబడి ఉంది.

"ఈయనెవరమ్మా?" అని అడిగింది.

"గిటార్ చూడ్డానికొచ్చినాయన" అంది నర్సమ్మ.

అంతకన్నా ఏం చెప్పాలో ఆయనకూ తోచలేదు. కూతురు మర్యాదగా నమస్కారం పెట్టింది, ఆయన ప్రతినమస్కారం పెట్టాడు. నర్సమ్మ ముందుసీట్లో ఎక్కి కూర్చుని, కిటికీలోంచి "తీగలు మార్చడం మర్చిపోకండి" అంది. వ్యాను కదిలింది. పైన వాటా తలుపు ఇంకా తెరిచే ఉందని గుర్తొచ్చి, ఆయన మళ్ళీ మెట్లెక్కి తాళం వేసి, తాళంచెవి ఇంటి యజమానికి అప్పగించి దుకాణానికి వెళ్ళాడు. ఆ సాయంత్రం దాకా అద్దాలు బిగించాడు.

తర్వాత కొన్నాళ్ళు ఏ కబురూ లేదు. తేనెరంగుదాన్ని ఆయన రోజూ శ్రుతి చేసేవాడు, కాసేపు వాయించేవాడు, మళ్ళీ సంచీలో పెట్టేసేవాడు. అన్నకూతురు ఒకసారి విని "బాగుంది బాబాయ్, ఇది గొంతున్న పిల్ల" అంది. ఆయన నవ్వాడు. ఆ పిల్లకు పని ఉంది, వెళ్ళిపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నర్సమ్మ ఫోన్ చేసింది. ఇల్లు ఇరుకే కానీ ఎండ బాగా వస్తుందట. అల్లుడు మంచివాడట, మాట్లాడడట. నల్లది మంచం పక్కన నిలబెట్టుకుందట.

"అది సరేగానీ, ఏదీ, ఒకసారి వాయించండి వింటాను."

ఆయన ఫోన్‌ని యాంప్ ముందు స్టూలు మీద పెట్టి ఒక చరణం వాయించాడు. ఫోన్ తీసి "వినబడిందా అండీ?" అన్నాడు.

"మీ వేళ్ళు తీగల మీద పడే టకటకే వినబడుతోందండీ. బేస్ మాత్రం రావడంలేదు."

నిజమే. అంత కింది స్వరాలు అంత చిన్న ఫోన్‌లో పట్టవు. ఆ సంగతి ఆయనకు తట్టకపోవడమే వింత. "పోనీలెండి. ఇంకెప్పుడైనా..."

"ఎందుకూ? వాయించండి. టకటక వినబడితే చాలు. ఎక్కడ ఏ స్వరం ఉందో నాకు తెలీదా ఏంటి?"

ఆయన ఫోన్‌లో స్పీకర్ పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆమె కూనిరాగం అందుకుంది. రెండు వరుసలు గడిచేసరికి ఆమె గొంతు తాళానికి వెనకబడుతోందనిపించింది. ఆమె అందుకోవాలని ఆయన వేగం తగ్గించాడు. ఆమె ఇంకా తగ్గింది. పాట ఈడుస్తూ ఈడుస్తూ ఆగిపోయింది.

"ఏంటండీ అలా లాగుతున్నారు?" అంది.

"మీరు వెనకబడుతున్నారండీ. అందుకని ఆగుతున్నా."

"నేనెక్కడ వెనకబడ్డాను? నాకిక్కడ సరిగ్గా మీ వేళ్ళ మీదే పడుతోంది."

ఆయన చేయి తీగల మీదే ఆగిపోయింది. ఆయన వేళ్ళ చప్పుడు ఫోన్‌లో అక్కడికి వెళ్ళేసరికి కొంత ఆలస్యం, దాంతో కలిపి ఆమె పాడిన పాట ఇక్కడికి వచ్చేసరికి ఇంకొంత. ఆమె చెవిలో ఇద్దరూ కలిసే ఉన్నారు. ఇక్కడ ఎంత సర్దుకున్నా కలవదు. తను ఆమె కోసం ఆగితే అక్కడ కూడా చెడిపోతుంది.

"అవునండీ, నా తప్పే" అన్నాడు. "మళ్ళీ మొదట్నించి."

ఈసారి ఆగలేదు. పాదంతో నేల మీద తాళం వేసుకుంటూ, స్టూలు మీదినుంచి వస్తున్న గొంతు ప్రతి మాటకీ వెనకబడుతున్నా దాని వైపు మనసు పోనివ్వకుండా, పాట చివరిదాకా నిలకడగా వాయించాడు. ఆఖరి స్వరం ఆయన గదిలో ఆగిపోయాక కూడా ఆమె ఇంకా ఒక మాట పాడుతూనే ఉంది.

"చూశారా, ఎంత బాగా కుదిరిందో" అంది నర్సమ్మ, ఊపిరి తీసుకుని.

"కుదిరిందండీ" అన్నాడు బేసి బాబాయ్.